కొత్త సంఘం ఎక్కడ పెట్టాలి? స్థలం చూసే ముందు చేయాల్సిన పని

కొత్తగా పాస్టర్ సేవలోకి వచ్చే తమ్ముళ్ళు మొట్టమొదట అడిగేది చాలావరకు స్థలం గురించే. ఫలానా కాలనీలో 150 గజాలు తక్కువకి వస్తుందన్నా, ఒక విశ్వాసి వాళ్ళ ఖాళీ షెడ్డు ఇస్తామన్నారన్నా, అక్కడ చర్చి పెడితే ఎలా ఉంటుంది, ఇదీ ప్రశ్న. షెడ్డు దొరికింది కాబట్టి అక్కడే దేవుని చిత్తం అని తేల్చేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది, దాని ఫలితం మీరూ చూసే ఉంటారు, ఒకే వీధిలో మూడు చర్చిలు, మూడు మైకులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరిగే అవే కుటుంబాలు, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కొత్తగా కట్టిన పెద్ద కాలనీలో మాత్రం ఒక్క ప్రార్థన కూడిక కూడా ఉండదు. అందుకే నేను చెప్పే వరస తిరగేసి ఉంటుంది. స్థలం ఆఖర్న. ముందు మీ సంగతి, తర్వాత ఉన్న చర్చిల సంగతి, ఆ తర్వాత ఆదివారం పొద్దున వెళ్ళడానికి చోటు లేని జనం సంగతి, అవన్నీ తేలాక షెడ్డు. ప్రార్థన మానేసి లెక్కలు వెయ్యమనట్లేదు, ప్రార్థన చేస్తూనే కాళ్ళకి కూడా పని చెప్పమంటున్నా, పౌలు గారు కూడా ఫిలిప్పీలో దిగాక జనం ప్రార్థనకి ఎక్కడ కూడతారా అని ఊరి బయట నది ఒడ్డుకి వెతుక్కుంటూనే కదా వెళ్ళింది.

మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి

ఒక కాగితం తీసుకుని మీరు ఎక్కడ ఉంటున్నారో, ఏం పని చేస్తున్నారో, ఏ రోజులు ఖాళీయో రాయండి. సంఘం అంటే ఆదివారం రెండు గంటలే అయితే ఎంత దూరమైనా పర్లేదు, కానీ వారం మధ్యలో ఒక కూడిక ఉంటుంది, ఎవరికో జ్వరం వస్తుంది, ఎవరింట్లోనో చావు, ఎవరికో రాత్రి పదకొండింటికి గొడవ, అప్పుడు ఫోన్ వచ్చేది మీకే. బండి మీద ముప్పావుగంట లోపు చేరగలిగే చోటే చూడండి, అంతకన్నా దూరమైతే ఇల్లు మారడానికి సిద్ధపడండి, మధ్యస్థంగా ఉండి నడపడం కుదరదు. ఇల్లు మారే మాటైతే ముందు అమ్మగారిని, అంటే మీ భార్యని, అడగాలి, మొక్కుబడిగా అడగడం కాదు, నిజంగా అడగాలి, ఎందుకంటే ఆడవాళ్ళ కష్టాలు వినేది, సండే స్కూల్ నడిపేది, వచ్చినవాళ్ళకి టీ పెట్టేది ఆమే, పిల్లల స్కూలు మారితే ఆ ఇబ్బంది పడేదీ ఆమే. ఆమెకి ఇష్టం లేని ఊరు ఎంత అవసరమున్న ఊరైనా లిస్టులోంచి తీసేయండి.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోండి, పదేళ్ళు అక్కడ ఉండగలరా? రెండేళ్ళకి ఇంకో ఊరికి వెళ్ళిపోయే ఆలోచన ఉంటే కొత్త సంఘం మొదలుపెట్టొద్దు, ఉన్న పాస్టర్ గారి దగ్గర సహాయకుడిగా చెయ్యండి, తప్పేం లేదు.

ఉన్న చర్చిలన్నీ లెక్కపెట్టండి

మీ ఇంటి చుట్టూ ఆ ముప్పావుగంట దూరాన్ని మ్యాప్ మీద గీసుకుని, అందులో ఉన్న ప్రతి చర్చిని పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో కనపడేవి కొన్నే, బోర్డు లేని ఇంటి సంఘాలు, మేడ మీద హాళ్ళు అందులో రావు. వాటి గురించి బాగా తెలిసినవాళ్ళు ఎవరంటే టెంట్ హౌస్ వాళ్ళు. కుర్చీలు, షామియానా, మైక్ సెట్టు ఎక్కడెక్కడికి పోతాయో, సెమీ క్రిస్మస్‌లకి ఏ వీధిలో ఎన్ని కుర్చీలు దిగాయో వాళ్ళ పుస్తకంలో ఉంటుంది, డిసెంబర్ అయ్యాక వెళ్ళి కూర్చుంటే ఒక టీకి మొత్తం చెప్పేస్తారు. తర్వాత షేర్ ఆటో వాళ్ళు, కేబుల్ వాళ్ళు. ప్రతి చర్చి పక్కన అది ఏ శాఖ, ఏ టైముకి ఆరాధన, ఏ వీధుల నుంచి జనం వస్తారు, ఇంత రాసుకుంటే చాలు.

ఇది రాసేటప్పుడు మన ప్రాంతంలో చర్చిలు ఎందుకు ఇలా పరుచుకున్నాయో కొంచెం తెలిసుంటే మంచిది. పాత మిషన్లు ఏ జిల్లా ఎవరిదో వాళ్ళలో వాళ్ళు ఒప్పందాలు చేసుకుని, ఒకరి ఫీల్డులోకి ఒకరు రాకుండా పనిచేశాయి. 1805లో లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నం వచ్చారు, తర్వాత కడపలో స్థిరపడ్డారు, నరసాపురం దగ్గర గోదావరి డెల్టాలో 1836లో బ్రదరన్ వాళ్ళు, నెల్లూరులో 1840లో అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) వాళ్ళు, గుంటూరులో 1842లో లూథరన్లు, కాకినాడలో 1874లో కెనడియన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరన్. అందుకే ఇప్పటికీ గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం లూథరన్ అని చెప్తుంది, ఒంగోలు వాళ్ళు బాప్టిస్టు అంటారు. ఈ హద్దులు ఇప్పుడెవరూ పాటించట్లేదు, పెంతెకోస్తు సంఘాలు, ఇండిపెండెంట్ సంఘాలు వచ్చాక అవి చెరిగిపోయాయి. కానీ మీరు వెళ్ళబోయే ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆ జ్ఞాపకం ఉంది, నూటయాభై ఏళ్ళ చర్చి ఉన్న ఊళ్ళో మీరు వెళ్ళి ఇక్కడ సువార్త లేదు అంటే వాళ్ళకి కోపం రావడం న్యాయమే.

జనాభా లెక్కలు చూడండి, గుడ్డిగా నమ్మొద్దు

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. మతం వారీ పట్టికలు మండలం, పట్టణం స్థాయి దాకా జనగణన వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతాయి, ఊరి స్థాయిలో మతం లెక్క ఉండదు గానీ ఊరి మొత్తం జనాభా, ఎస్సీ, ఎస్టీ జనాభా, అక్షరాస్యత లాంటివి జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో ఉంటాయి. అవి తీసుకుని మీ మ్యాప్ పక్కన పెట్టుకోండి.

అయితే ఆ 1.34ని చూసి మిగతా 98 శాతం దగ్గర చర్చే లేదు అనుకుంటే బోర్లా పడతారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతంలో ఉన్నవాళ్ళకి ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రాలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. దాంతో కాగితం మీద ఒకటి, ఆదివారం పొద్దున ఇంకోటి అన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎస్టీలకి ఈ నిబంధన లేదు. కాబట్టి అంకెల్ని పట్టుకుని వేలు చూపించడం కాదు, ఆ ఊరికి వెళ్ళి చూడాల్సిందే. పైగా 2011 తర్వాత హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి లేచిన కాలనీలేవీ ఆ లెక్కల్లో లేవు.

ఇంకో మాట, బాప్తిస్మం తీసుకోవడానికి వచ్చినవాళ్ళకి ఈ ఎస్సీ సర్టిఫికెట్ సంగతి ముందే చెప్పండి. తర్వాత తెలిసి బాధపడే పరిస్థితి వాళ్ళకి రానివ్వకూడదు.

ఆదివారం పొద్దున బస్టాపులో నిలబడండి

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, ఖర్చు కూడా లేదు. మీరు అనుకుంటున్న కాలనీ బస్టాపులోనో ఆటో స్టాండులోనో ఆదివారం ఏడింటి నుంచి పదింటి దాకా నిలబడండి. తెల్ల చీరల్లో, చేతిలో జిప్ కవరున్న బైబిలుతో, పిల్లల్ని తోలుకుంటూ ఎంతమంది బయటికి పోతున్నారో, ఎటు పోతున్నారో చూడండి. కుదిరితే పలకరించండి, వందనాలమ్మా ఎంతదాకా అని. రెండు బస్సులు మారి పాత పేటలో ఉన్న చర్చికి పోతున్నామంటే వాళ్ళు మీ సంఘానికి వచ్చేస్తారని కాదు, రమ్మని పిలవకండి కూడా, దాని గురించి కింద చెప్తా. కానీ ఆ కాలనీలో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతున్నారని మీకు అర్థమవుతుంది. ఖాళీ అంటే అదే. వరసగా కొన్ని ఆదివారాలు చూడండి, నెలలో మొదటి ఆదివారం మాత్రం లెక్కలోకి తీసుకోకండి, బల్ల ఆరాధన, అంటే ప్రభు భోజనం, ఉంటుంది కాబట్టి ఆ రోజు అందరూ కదుల్తారు.

ఇలాంటి ఖాళీలు ఎక్కడ ఉంటాయంటే, జనాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తరలించిన ప్రతి దగ్గరా ఉంటాయి. హైదరాబాద్ పక్కన కొల్లూరులో 2023లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ చూడండి, ఒకే చోట 15,660 ఇళ్ళు, సిటీలో రకరకాల బస్తీల నుంచి లాటరీలో వచ్చినవాళ్ళు, వాళ్ళ పాత చర్చి, పాత గుడి, పాత మసీదు, పాత చుట్టాలు అందరూ సిటీలోనే ఉండిపోయారు. ఆంధ్రాలో ప్రభుత్వం అపార్ట్‌మెంట్లుగా కట్టిన టిడ్కో ఇళ్ళు, ఊరికి దూరంగా వేసిన హౌసింగ్ లేఔట్లు, పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళ కోసం కట్టిన పునరావాస కాలనీలు కూడా ఇదే బాపతు. ఇలాంటి చోట జనం కొత్త, పక్కింటివాళ్ళ పేరు కూడా తెలీదు, ఒక పలకరింపు కోసం చూస్తుంటారు. అదే ఐటీ వాళ్ళుండే గేటెడ్ కమ్యూనిటీ అయితే కార్లున్నాయి, పెద్ద చర్చికి వెళ్ళిపోతారు, అసోసియేషన్ క్లబ్ హౌస్ ఇవ్వదు, అక్కడ మొదలుపెట్టడం చాలా కష్టం, అవసరం కూడా తక్కువే, ఏమనుకున్నా సరే.

భాష ఖాళీలు వేరే రకం. పాడేరు, అరకు, పార్వతీపురం వైపు, భద్రాచలం వైపు, ఆదిలాబాద్ వైపు తెలుగులో ప్రసంగం చేస్తే తలలూపుతారు, ఇంటికెళ్ళి మాట్లాడుకునేది సవర, కువి, కోయ, గోండి, కొలామి, తండాల్లో అయితే లంబాడీ. ఆ భాష నేర్చుకునే ఓపిక మీకు లేకపోతే ఆ భాషలోనే పుట్టిన తమ్ముణ్ణి పంపి మీరు వెనక నిలబడండి. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా బలంగీర్, నువాపడా నుంచి వచ్చే కుటుంబాలు వానలకి ముందే వెళ్ళిపోతాయి, అక్కడ బిల్డింగ్ ఆలోచన దండగ, ఆ కొన్ని నెలలు సాయంత్రం పూట ఒక కూడిక, పిల్లలకి అక్షరాలు, అంతే. కువైట్‌లో ఉన్న మన గోదావరి, కడప జిల్లాలవాళ్ళ సంగతి ఇంకా వేరే, అక్కడ ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నే లేదు, ప్రభుత్వం ఒప్పుకున్న చర్చి కాంపౌండులోనే అన్ని భాషలవాళ్ళూ హాల్ టైము పంచుకుంటారు, అదీ శుక్రవారం సెలవు కాబట్టి శుక్రవారం.

అక్కడున్న పాస్టర్ గార్లని కలవండి

ఇది మీటింగు పెట్టి పోస్టర్ వేశాక చేసే పని కాదు, ముందే. చాలా మండలాల్లో పాస్టర్స్ ఫెలోషిప్ ఉంటుంది, నెలకోసారి కూడతారు, వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోండి, పరిచయం చేసుకోండి, అయ్యగారూ ఫలానా కాలనీ గురించి ప్రార్థిస్తున్నాం, అక్కడ మీ వాళ్ళెవరైనా ఉన్నారా అని అడగండి. కొందరు ముఖం మాడ్చుకుంటారు, కొందరు అక్కడ మా విశ్వాసులు ఇద్దరున్నారు, వాళ్ళింట్లో మొదలుపెట్టండి అని వాళ్ళే చేతిలో పెడతారు. ఎవరైనా అక్కడ ఇప్పటికే కూడిక నడుపుతున్నారని తెలిస్తే ఇంకో చోటు చూస్కోండి. వేరేవాళ్ళు వేసిన పునాది మీద కట్టకూడదు అన్నది పౌలు గారు తనకి తాను పెట్టుకున్న పద్ధతి, రోమా పత్రిక 15లో రాశారు, మనకి మాత్రం అది ఎందుకో గుర్తుండదు. పక్క సంఘంలో అలిగిన నాలుగు కుటుంబాలతో మొదలైన సంఘం మళ్ళీ అలకతోనే చీలుతుంది, గొర్రెల దొంగతనం అనే పేరు కూడా ఊరికే వస్తుంది.

పేట సంగతి దాచకుండా మాట్లాడుకుందాం

పల్లెటూళ్ళో చర్చి ఏ వీధిలో ఉంటే ఆ వీధివాళ్ళదే అయిపోతుంది. మాలపల్లిలో ఒక చర్చి, మాదిగపల్లిలో ఒక చర్చి, ఒకరి దాంట్లో ఒకరు అడుగుపెట్టరు, శాఖ పేర్లు కూడా దాన్నిబట్టే చీలిన ఊళ్ళున్నాయి. మీరు ఊళ్ళో చర్చి ఉంది అని రాసుకునేటప్పుడు ఎవరికి ఉంది అని కూడా రాసుకోండి, అప్పుడు ఆ ఊళ్ళో సగం మందికి లేదని తేలొచ్చు. బీసీ కుటుంబాల్లో ఒకరిద్దరు ఫోన్‌లో వాక్యం వింటూ, రాత్రిపూట ప్రార్థన చేయించుకుంటూ ఉంటారు, పగలు ఎస్సీ పేటలోకి రావాలంటే వెనకాడతారు. దీనికి చాలామంది చెప్పే మందు ఏంటంటే రోడ్డు మీద, బస్టాండ్ దగ్గర, ఎవరి వీధీ కాని చోట మేడ మీద హాలు తీసుకోవడం. నాకూ అదే మంచిదనిపిస్తుంది, కానీ ఒక షరతుతో, కొత్తగా వచ్చే నలుగురి మొహమాటం కోసం పేట పెద్దల్ని వెనక వరసలోకి నెట్టే పనైతే ఆ హాలు వద్దు. బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మొదటి నెలలోనే తేల్చెయ్యకపోతే తర్వాత తేలదు.

చుట్టరికాల దారి కూడా చూడండి. ఒంగోలు చరిత్ర ఇక్కడ బాగా పనికొస్తుంది. నెల్లూరు మిషన్ ఏళ్ళ తరబడి పనిచేసినా జనం పెద్దగా రాలేదు, మూసేద్దామా అని అమెరికాలో చర్చ కూడా జరిగింది. 1866లో క్లౌ దొర అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాక ఆయన మొదట ఆశ పెట్టుకుంది టౌన్లో చదువుకున్న పై కులాలవాళ్ళ మీద. నిజంగా తలుపు తెరుచుకుంది మాత్రం తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన దగ్గర, తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి, ఆయన ఏ ఊరికి తోళ్ళకి పోతే ఆ ఊళ్ళో చుట్టాలుంటారు, మాట ఆ దారినే పోయింది. మాదిగలు వస్తున్నారని తెలిసి పై కులాల పిల్లలు మిషన్ బడి మానేశారు. చోటు ఎంచుకోవడంలో దొర ప్లాను ఒకటి, పేరయ్య చుట్టరికం ఇంకోటి, గెలిచింది రెండోది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రెండు మూడు కుటుంబాల్ని కూర్చోబెట్టి మీ అక్కచెల్లెళ్ళని ఏ ఊళ్ళకి ఇచ్చారు, మీ మేస్త్రీ ఏ ఊరివాడు, మీరు కూలికి ఏ ఊరు పోతారు అని అడిగి రాసుకోండి, మ్యాప్ మీద ఒక దారి కనపడుతుంది.

అదే క్లౌ గారి దగ్గర్నుంచి ఇంకోటి కూడా నేర్చుకోవాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని ఇచ్చారు, ఆ కాలంలో బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, కూలి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తెలీదు కాబట్టి. కరువు సాయం ఆగాకే ఇచ్చారు, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. కాబట్టి వరదలొచ్చిన ఊరు, బియ్యం పంచుతున్న ఊరు చూసి అక్కడ జనం బాగా వస్తున్నారు, సంఘం పెట్టేద్దాం అనుకోకండి. సాయం చెయ్యండి, సంఘం నిర్ణయం మాత్రం సాయం ఆపాక చూడండి.

ఆరు నెలలు పరీక్ష పెట్టండి

ఇప్పటికి మీ లిస్టులో రెండో మూడో చోట్లు మిగిలుంటాయి. ప్రతి చోటా ఎవరో ఒకరి ఇంట్లో వారానికో కూడిక పెట్టండి, మైకు లేకుండా, బోర్డు లేకుండా, పోస్టరు లేకుండా. ఇల్లు ఇచ్చేవాళ్ళు ఆ ఊరివాళ్ళే అయ్యుండాలి, బయటినుంచి వచ్చి అద్దెకుంటున్న మీ స్నేహితుడైతే ఆ ఊరి గురించి మీకేమీ తెలీదు. ఏం గమనించాలంటే, మీరు పిలవకుండా ఎవరైనా ఇంకొకర్ని తీసుకొచ్చారా, మీరు రాని వారం వాళ్ళే కూడుకున్నారా, మగవాళ్ళు కనీసం గుమ్మం దాకా వస్తున్నారా, ఊళ్ళో పెద్దమనుషులకి విషయం తెలిశాక ఏమన్నారు. ఎంతమంది వచ్చారు అన్నది వీటన్నిటికన్నా తక్కువ ముఖ్యం.

సీజను చూసుకోవాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, మిరప కోతలప్పుడు ఊళ్ళు ఖాళీ అయిపోతాయి, పాలమూరు నుంచి, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే పనులకి వలస పోతాయి, ఆ నెలల్లో కూడికకి ముగ్గురొచ్చారని ఊరు వదిలేస్తే అన్యాయం. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి ఫ్యాక్టరీ ఏరియాల్లో షిఫ్టుల గొడవ, ఆదివారం సెలవు అందరికీ ఉండదు, అక్కడ ఆరాధన సాయంత్రానికి పెట్టి చూడండి.

చట్టం సంగతి

కొన్ని చోట్లు అవసరం ఎంతున్నా తీసేయాల్సినవే. తిరుమల లాంటి నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల పరిధిలో వేరే మతం ప్రచారం చెయ్యకూడదని ఆంధ్రాలో 2007లోనే చట్టం వచ్చింది, అటు పోకండి. చట్టం లేకపోయినా గుడి ముందు వీధిలో హాలు తీసుకోవడం మర్యాద కాదు. ఒడిశాలో 1967 నుంచి, ఛత్తీస్‌గఢ్‌లో మధ్యప్రదేశ్ కాలం నాటి 1968 చట్టం నుంచి మతమార్పిడి మీద నిబంధనలున్నాయి, ఇచ్ఛాపురం దగ్గరో భద్రాచలం అవతలో సరిహద్దు దాటి కూడిక పెట్టేటప్పుడు రాష్ట్రం మారిందని గుర్తుంచుకోండి.

ఏజెన్సీలో 1/70 అనే భూ బదలాయింపు చట్టం ఉంది, గిరిజనేతరుల పేరు మీద భూమి కొనడం కుదరదు, ఎవరో గిరిజన విశ్వాసి పేరు మీద కొని నడిపిద్దాం అనే సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి, రేపు ఇబ్బందుల్లో పడేది ఆ విశ్వాసే. మైదానంలో అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి, మామూలుగా అమ్మకూడదు, కొనకూడదు, 1977 చట్టం, ఆంధ్రాలో 2023 సవరణతో కొన్ని మినహాయింపులు వచ్చాయి. పోరంబోకు, రోడ్డు మార్జిన్, చెరువు శిఖం, పార్కు స్థలం వీటిల్లో రేకులు వేసేస్తే ఎవరేమంటారులే అనుకోవడం పాతకాలం మాట, పబ్లిక్ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మత కట్టడమూ కొత్తగా రాకూడదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

అద్దె హాలు అయినా ఓనరుకి చర్చి కోసమని స్పష్టంగా చెప్పి, అగ్రిమెంటులో అదే రాయించండి. ట్యూషన్ సెంటర్ అని చెప్పి తీసుకుని ఆరాధన పెడితే మూడో వారమే ఖాళీ చేయిస్తారు, మన సాక్ష్యం కూడా పోతుంది. ఇంట్లో నలుగురు కూడి ప్రార్థించుకోవడం ఒకటి, ఇంటికి బోర్డు పెట్టి మైకు కట్టి చర్చిగా మార్చడం ఇంకోటి, రెండోదానికి పంచాయతీనో మున్సిపాలిటీనో అనుమతి అడుగుతుంది, ముందే వెళ్ళి కనుక్కోండి. మైకు విషయంలో అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి, ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ లేదు, ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. హాలు చూసేటప్పుడు ఈ 100 మీటర్లు నడిచి చూడండి. ఇరవై మందికి అసలు మైకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కొత్త చోట మొదటి గొడవ నూటికి తొంభై సార్లు మైకు దగ్గరే మొదలవుతుంది.

డబ్బు లెక్క, తర్వాత నిర్ణయం

ఉదాహరణకి హాలు అద్దె 10,000, కరెంటు 1,000, పెట్రోలు 3,000, చిల్లర ఖర్చులు 1,000 అనుకుంటే నెలకి 15,000, ఏడాదికి లక్షా ఎనభై వేలు, అడ్వాన్సు వేరే. ఇందులో కానుకల నుంచి మొదటి ఏడాది ఎంతొస్తుందంటే దాదాపు ఏమీ రాదనే అనుకుని, మిగతాది ఎక్కడ్నుంచో రాసుకోండి. రాయలేకపోతే హాలు వద్దు, ఇళ్ళల్లోనే నడపండి. బయటి దేశం నుంచి సాయం వస్తుందంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి, మీ సొంత ఖాతాలో వేయించుకోకండి. సాయం చేసేవాళ్ళు ఊరు ఎంచుతామంటే కూడా జాగ్రత్త, ఫోటోల్లో బాగా కనపడే గుడిసెల ఊరు ఒకటుంటుంది, నిజంగా చర్చి లేని టిడ్కో అపార్ట్‌మెంట్ ఇంకోటుంటుంది, రెండోది ఫోటోలో ఏమీ బాగోదు.

ఆరు నెలలయ్యాక మీ ఇద్దరూ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, కుదిరితే ఫెలోషిప్ నుంచి ఒక పాస్టర్ గారు కూర్చుని ఒక చోటు తేల్చండి. వద్దనుకున్న చోట్లలో కూడికకి వచ్చినవాళ్ళని గాలికొదలకండి, దగ్గర్లో ఉన్న సంఘానికి వాళ్ళని స్వయంగా తీసుకెళ్ళి పరిచయం చెయ్యండి, మీ మ్యాపు, మీ రాతలు కూడా ఫెలోషిప్‌లో ఇచ్చెయ్యండి, ఇంకెవరికైనా పనికొస్తాయి.

స్థలం కొనే మాట రెండు మూడేళ్ళ దాకా ఎత్తొద్దు. ఎత్తినప్పుడు ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించి, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి, ఆంధ్రాలో అయితే మీభూమిలో, తెలంగాణలో అయితే భూభారతిలో పేరు సరిచూసి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి. అంతకుముందే 2001 చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయించి స్థలం దాని పేరు మీదే రాయించండి, మీ పేరు మీదో అమ్మగారి పేరు మీదో వద్దు, కమిటీలో మీ చుట్టాలు కానివాళ్ళు సగం కన్నా ఎక్కువ ఉండాలని బైలాస్‌లో ముందే రాసుకోండి.